ఓబీజీ చేయాలని తేలిపోయింది, పరీక్షే తేలట్లేదు: నీట్ పీజీనా, ఐఎన్‌ఐ సెట్టా, ఎంఆర్‌సీఓజీనా?

గోదావరి_హౌస్‌సర్జన్ | సోమవారం, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. కోస్తాలో ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీలో నా హౌస్ సర్జెన్సీ చివరికొచ్చింది. ఓబీజీలో (కాన్పులు, స్త్రీల వ్యాధుల విభాగం) ఏడు వారాల పోస్టింగ్ అయ్యాక ఇంక వేరే బ్రాంచి మీదకు మనసు పోవడం లేదు. బ్యాచ్‌లో సగం మంది రేడియాలజీ అంటున్నారు, మిగతా సగం డెర్మా. నేను లేబర్ రూమ్ అంటే "నీకేమన్నా పిచ్చా, జన్మలో రాత్రి నిద్ర ఉండదు" అని నవ్వుతున్నారు. సరే, ఆ నిద్ర సంగతి నేను చూసుకుంటాను.

నా గొడవ పరీక్షతో. మన దేశంలో పీజీ సీట్ల కోసం రాసే నీట్ పీజీకి చదువుతున్నాను. గ్రాండ్ టెస్టుల్లో (నమూనా పరీక్షల్లో) ర్యాంకు 20 వేలకీ 30 వేలకీ మధ్య ఊగుతోంది. ఎయిమ్స్ లాంటి సంస్థల్లో సీట్లకి పెట్టే ఐఎన్‌ఐ సెట్‌కి విడిగా చదవాలని ఒక సీనియర్ అన్నారు. మా మేనమామ ఇంగ్లండ్‌లో ఉంటారు, ఆయన డాక్టర్ కాదు గానీ స్నేహితులంతా డాక్టర్లే. "ఆ ర్యాంకుల గోల ఎందుకమ్మా, ఎంఆర్‌సీఓజీ రాసేయ్, ఇక్కడి గైనిక్ పరీక్ష, ఎక్కడైనా పనికొస్తుంది" అంటారు. రూమ్మేట్ యూఎస్‌ఎంఎల్‌ఈ (అమెరికా లైసెన్స్ పరీక్ష) మనిషి. నాన్న ఏదైనా ఒప్పుకుంటారు, ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చుని చదవడం తప్ప. నాలుగు రకాల పుస్తకాలు బల్ల మీద ఉన్నాయి, ఏదీ సగం దాటలేదు. ఓబీజీయే కావాలనుకునేవాళ్లు వీటిలో ఏది పట్టుకోవాలి?

స్టెప్‌వన్_శీను | సోమవారం, రాత్రి 11:05

ఆ రూమ్మేట్ నేను కాదు గానీ, ఓటు మాత్రం ఆమెకే.

నైట్‌డ్యూటీ_అక్క | సోమవారం, రాత్రి 11:48

చెల్లెమ్మా, డ్యూటీలో ఉన్నాను, మధ్యలో ఆపితే ఏమీ అనుకోకు. నేను ఎంఎస్ ఓబీజీ, ప్రభుత్వ కాలేజీలో చేశాను. ఇప్పుడు జిల్లా కేంద్రంలో ప్రాక్టీసు.

ఏ పరీక్ష అన్నది తర్వాత. నీకు ముప్పై అయిదేళ్లు వచ్చేసరికి ఏ ఊళ్లో కాన్పులు చేస్తుంటావు? భీమవరంలోనా, బర్మింగ్‌హామ్‌లోనా? ఎండీ జనరల్ మెడిసిన్ వాళ్లకి ఈ ప్రశ్న కొంచెం వెనక్కి నెట్టే వీలుంది. మనకి లేదు. మన బ్రాంచి చేతుల్లో ఉంటుంది. ఫోర్సెప్స్ పట్టడం, పీపీహెచ్‌లో (కాన్పు తర్వాత అధిక రక్తస్రావం) యూటరస్ గట్టిపడిందో లేదో చెయ్యి పెట్టి చెప్పడం, రెండోసారి సిజేరియన్‌లో బ్లాడర్ అతుక్కుపోయి ఉంటే విడదీయడం, ఇవన్నీ ఏ దేశంలో నేర్చుకుంటే ఆ దేశపు పద్ధతిలోనే వస్తాయి.

ఇక మీ మేనమామగారి మాట. ఎంఆర్‌సీఓజీ మూడు భాగాలు. పార్ట్ 1 ఎంబీబీఎస్ డిగ్రీతో రాయొచ్చు. రెండు పేపర్లు, ఒక్కోదాంట్లో 100 ప్రశ్నలు. ఎంబ్రియాలజీ, పెల్విక్ అనాటమీ, ఎండోక్రైన్, స్టాటిస్టిక్స్ లాంటి బేసిక్ సైన్సెస్ ఎక్కువ. చదివితే వస్తుంది. పార్ట్ 2 దగ్గరికి వచ్చేసరికి ఓబీజీలో కొన్నేళ్లు పనిచేసిన అనుభవం చూపించాలి. పీజీ సీటు లేని ఎంబీబీఎస్ డాక్టరుకి మన దగ్గర ఆ అనుభవం ఎవరిస్తారు? ఏదో నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ డాక్టరుగా చేరి, పేరుకి అనుభవం, పనికి రాత్రి కాపలా. పైగా పార్ట్ 1 పాసైన ఏడేళ్లలోపు పార్ట్ 2 దాటకపోతే పార్ట్ 1 మళ్లీ రాయాల్సిందే.

అన్నిటికంటే పెద్ద సంగతి: ఎంబీబీఎస్ ప్లస్ ఎంఆర్‌సీఓజీ ఉన్నంత మాత్రాన నిన్ను ఇండియాలో గైనకాలజిస్టుగా రిజిస్టర్ చేయరు. 2008లో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం యూకే, యూఎస్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పీజీ అర్హతలను మనవాళ్లు ఒప్పుకుంటారు. షరతు ఏమిటంటే, ఆ అర్హతతో ఆ దేశంలోనే ఆ స్పెషాలిటీలో నమోదయ్యే వీలు ఉండాలి. యూకేలో స్పెషలిస్ట్ రిజిస్టర్‌లోకి తీసుకెళ్లేది అక్కడి ట్రైనింగ్ పూర్తయ్యాక ఇచ్చే సీసీటీ, లేదా అనుభవానికి రుజువులు చూపించే పోర్ట్‌ఫోలియో దారి. ఎంఆర్‌సీఓజీ ఆ దారిలో ఒక మెట్టు. బోర్డు మీద పేరు పక్కన రాసుకుంటే బాగుంటుంది, అది వేరే విషయం.

కేసు వచ్చింది. మిగతాది రేపు.

ఐఎన్‌ఐ_వేట | మంగళవారం, ఉదయం 6:14

ఐఎన్‌ఐ సెట్‌కి విడిగా చదవాలన్న మాటలో సగమే నిజం. సిలబస్ అదే 19 సబ్జెక్టులు. తేడా అడిగే తీరులో.

నీట్ పీజీ: 200 ప్రశ్నలు, మూడున్నర గంటలు, ఒప్పయితే 4, తప్పయితే 1 పోతుంది, మొత్తం 800. 2024 నుంచి పేపర్ని అయిదు సెక్షన్లు చేశారు, ఒక్కోదాంట్లో 40 ప్రశ్నలు, 42 నిమిషాలు. టైమ్ అయిపోతే ఆ సెక్షన్ మూసుకుపోతుంది, వెనక్కి వెళ్లలేం. మార్క్ చేసి చివర్లో చూసుకుందాం అనే అలవాటు ఉన్నవాళ్లకి ఇది పెద్ద దెబ్బ.

ఐఎన్‌ఐ సెట్: ఎయిమ్స్ ఢిల్లీ పెడుతుంది, ఏడాదికి రెండుసార్లు. మామూలుగా మే నెలలో ఒకటి, నవంబరులో ఒకటి. 200 ప్రశ్నలు, మూడు గంటలు, తప్పుకి మూడో వంతు మార్కు కోత. ఒకటి కంటే ఎక్కువ సరైన జవాబులుండేవి, జతపరచేవి, వరసలో పెట్టేవి వస్తాయి. ఊహించి కొట్టే వీలు తక్కువ. ఇంతకుముందు ఎయిమ్స్‌కి ఒకటి, జిప్‌మర్‌కి ఒకటి, చండీగఢ్ పీజీఐకి ఒకటి విడివిడిగా ఉండేవి, 2021 సెషన్ నుంచి అన్నీ కలిపేశారు. నిమ్హాన్స్, శ్రీచిత్ర కూడా దీని కిందే ఉన్నాయి గానీ ఓబీజీ వాళ్లకి వాటితో పని లేదు. మనవాళ్లకి దగ్గర్లో మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లూ దీనిలోనే.

సీట్లు తక్కువ, నిజమే. కానీ దీన్ని వదిలేయడానికి కారణం కనపడదు. నీట్‌కి చదువుతున్నావంటే దీనికీ చదువుతున్నట్టే. చివరి నెలలో పాత ప్రశ్నలు తిరగేస్తే చాలు.

ఇంకో మాట. ఓబీజీ అంటే ఇష్టం కదా అని ఓబీజీ పుస్తకమే తిప్పుతూ కూర్చోకు. ఓబీజీలో వచ్చే మార్కులతో ఓబీజీ సీటు రాదు, ఫార్మకాలజీ, పాథాలజీ, పీఎస్‌ఎం (సామాజిక వైద్యం) మార్కులతో వస్తుంది.

గోదావరి_హౌస్‌సర్జన్ | మంగళవారం, ఉదయం 7:40

ఆ చివరి మాట నాకే తగిలింది. పార్టోగ్రాఫ్ (కాన్పు సాగే తీరు చూపే చార్టు) మీద ఏం అడిగినా చెప్తాను, ఆప్తాల్‌లో (కంటి వైద్యం) ఆప్టిక్స్ అంటే చేతులెత్తేస్తాను.

లీడ్స్_వార్డు | మంగళవారం, మధ్యాహ్నం 2:20

యూకేలో ఓబీజీ ట్రైనింగ్‌లో ఉన్నాను, తెలంగాణ నుంచి వచ్చాను. అక్కగారు చెప్పింది చాలావరకు కరెక్టే. మేనమామగారి తరఫున మాత్రం ఒకటి చెప్పాలి. పూర్తి ఎంఆర్‌సీఓజీ ఉంటే జీఎంసీ (ఇక్కడి వైద్య మండలి) రిజిస్ట్రేషన్‌కి ప్లాబ్ (బయటి దేశాల డాక్టర్లకి పెట్టే పరీక్ష) రాయక్కర్లేదు, ఇంగ్లీషు పరీక్ష ఒకటి చాలు. ఇండియాలో ఎంఎస్ చేసి, ఎంఆర్‌సీఓజీ పూర్తి చేసి, నేరుగా మిడిల్ గ్రేడ్ (కన్సల్టెంట్‌కి కింది స్థాయి) ఉద్యోగంలోకి వచ్చినవాళ్లు మా యూనిట్‌లో ఉన్నారు. ఆయన స్నేహితులు బహుశా ఆ దారిలో వచ్చినవాళ్లే. కాకపోతే వాళ్లంతా ముందు ఇండియాలో పీజీ చేశారు, ఆ ముక్క చెప్పడం మర్చిపోతారు.

ఎంబీబీఎస్‌తో నేరుగా రావాలంటే ప్లాబ్. పార్ట్ 1లో 180 ప్రశ్నలు, ఇండియాలోనే రాయొచ్చు. పార్ట్ 2 మాంచెస్టర్ వచ్చి రాయాలి. ఆ తర్వాతే అసలు కథ. ఓబీజీలో స్పెషాలిటీ ట్రైనింగ్ ఎస్‌టీ1 నుంచి ఎస్‌టీ7 వరకు ఏడేళ్లు. ఎస్‌టీ1లోకి రావడానికి ఎంఎస్‌ఆర్‌ఏ అని ఇంకో పరీక్ష, దాని స్కోరుతో ఇంటర్వ్యూ. లోపలికి వచ్చాక ఎస్‌టీ2 ముగిసేలోపు ఎంఆర్‌సీఓజీ పార్ట్ 1, ఎస్‌టీ5 ముగిసేలోపు మిగతా రెండూ పూర్తి కావాలి.

ప్లాబ్ పాసై, జీఎంసీ నంబరు చేతిలో పెట్టుకుని, మొదటి ఉద్యోగం కోసం అప్లికేషన్లు పంపుతూ కూర్చున్న పిల్లలు ఇప్పుడు చాలామంది. ట్రైనింగ్ పోస్టుల్లో ఇక్కడ చదివినవాళ్లకి ముందు ప్రాధాన్యం ఇస్తామని ప్రభుత్వం 2025లో పదేళ్ల ఆరోగ్య ప్రణాళికలోనే చెప్పింది. నేను వచ్చినప్పటి పరిస్థితి చూపించి ఎవరినీ రమ్మనలేను. అప్పు చేసి రావద్దు, అది మాత్రం గట్టిగా చెప్తాను.

ఇంకో దారి ఎంటీఐ. ఇండియాలో పీజీ అయ్యాక రెండేళ్లు ఇక్కడ పనిచేసి వెనక్కి వెళ్లిపోవడం. ఇక్కడి పద్ధతులు చూడాలనుకునేవాళ్లకి మంచిదే.

స్టెప్‌వన్_శీను | మంగళవారం, సాయంత్రం 5:33

యూఎస్ గురించి నేను చెప్పాలి కదా. నేను ఇంటర్నల్ మెడిసిన్‌కి వెళ్తున్నాను, ఓబీజీ అయితే వేరే లెక్క. ఓబీజీ రెసిడెన్సీ (అక్కడి పీజీ శిక్షణ) నాలుగేళ్లు. సర్జికల్ బ్రాంచి కాబట్టి బయటి దేశాల్లో చదివినవాళ్లని తీసుకునే ప్రోగ్రాములు తక్కువ. స్టెప్ 1 2022 నుంచి పాస్/ఫెయిల్ అయిపోయింది, ఇక చూసేది స్టెప్ 2 సీకే స్కోరు, అక్కడి ఆస్పత్రుల్లో రొటేషన్లు, అక్కడి గైనకాలజిస్టులు రాసిచ్చే ఉత్తరాలు. రొటేషన్లకి డబ్బు, వీసా, ఉండటానికి చోటు కావాలి. ఇంకో తిరకాసు: మిగతా చాలా బ్రాంచీలకి ఈరాస్ అనే పోర్టల్‌లో అప్లై చేస్తారు, ఓబీజీ 2024 నుంచి రెసిడెన్సీక్యాస్ అని వేరే పోర్టల్‌కి మారింది.

2025 సెప్టెంబరులో హెచ్1బీ వీసా మీద లక్ష డాలర్ల ఫీజు అన్నారు, మావాళ్లలో చాలామంది జే1 వీసా మీద వెళ్తారు గానీ ఆ వార్తతో ఇళ్లలో టెన్షన్ మొదలైంది. నిజం చెప్పాలంటే ఓబీజీ తప్ప ఇంకేదీ వద్దనుకునే మనిషికి నేను యూఎస్‌ఎంఎల్‌ఈ చెప్పను. "ఏ బ్రాంచి అయినా సరే, అమెరికా కావాలి" అనుకునేవాళ్లకి చెప్తాను.

నైట్‌డ్యూటీ_అక్క | మంగళవారం, సాయంత్రం 5:41

శీనూ, రాత్రి వేసిన ఓటు వెనక్కి తీసుకున్నట్టేనా?

స్టెప్‌వన్_శీను | మంగళవారం, సాయంత్రం 5:44

ఓటు ఉంది మేడమ్, నియోజకవర్గమే మారింది.

డీఎన్‌బీ_థియేటర్ | మంగళవారం, రాత్రి 9:10

ఎంఎస్ మాటే నడుస్తోంది కాబట్టి డీఎన్‌బీ (నేషనల్ బోర్డు ఇచ్చే పీజీ) సంగతి నేను చెప్తాను. విడిగా పరీక్ష లేదు, నీట్ పీజీ ర్యాంకుతోనే, ఎంసీసీ (కేంద్ర కౌన్సెలింగ్ కమిటీ) కౌన్సెలింగ్‌లోనే సీట్లుంటాయి. మూడేళ్లు, థీసిస్ తప్పనిసరి. చివరి పరీక్ష నేషనల్ బోర్డు పెడుతుంది. మన ప్రొఫెసర్లు మనకి మార్కులు వేయరు, అందుకే కష్టమన్న పేరు. రెండేళ్ల డిప్లొమా కూడా ఉంది, అది 2020లో నేషనల్ బోర్డు మొదలుపెట్టింది. డిప్లొమా చేసినవాళ్లు తర్వాత పీడీసెట్ రాసి సెకండరీ డీఎన్‌బీ రెండేళ్లు చేసుకోవచ్చు. ర్యాంకు కొంచెం వెనకబడితే అదీ ఓబీజీలోకి ఒక తలుపే, చిన్నచూపు చూడొద్దు.

నేను చేసింది నగరంలో ప్రైవేటు ఆస్పత్రిలో. ల్యాప్రోస్కోపీ, ఫీటల్ మెడిసిన్ స్కాన్లు, ఐసీయూలో హై రిస్క్ తల్లులు, ప్రతిదానికీ రాసిపెట్టిన ప్రోటోకాల్, వారం వారం ఆడిట్. ఇవన్నీ ప్రభుత్వ కాలేజీలో చేసిన నా స్నేహితురాళ్లకి పీజీలో దొరకలేదు.

నైట్‌డ్యూటీ_అక్క | మంగళవారం, రాత్రి 10:26

అమ్మా, ఒకటి అడుగుతాను, నొచ్చుకోకు. పీజీ అయ్యేసరికి సొంతంగా ఎన్ని వెంటూజ్‌లు (బిడ్డ తలకి పెట్టి లాగే కప్పు) పెట్టావు? ఎదురుకాళ్లతో వచ్చే బ్రీచ్ కాన్పు చేశావా?

డీఎన్‌బీ_థియేటర్ | మంగళవారం, రాత్రి 10:50

వెంటూజ్‌లు పెట్టాను, తక్కువే. బ్రీచ్ బొమ్మ మీద నేర్చుకున్నాను. ప్రైవేటులో పేషంట్ కన్సల్టెంట్‌ని నమ్మి డబ్బు కట్టి వస్తుంది, ఆ కన్సల్టెంట్ చెయ్యే పడాలనుకుంటుంది. సిజేరియన్‌లో ఫస్ట్ అసిస్టెంట్‌గా చాలాకాలం నిలబడ్డాను. అది నిజం. కానీ అన్ని డీఎన్‌బీలూ ఒకేలా ఉండవు మేడమ్. జిల్లా ఆస్పత్రుల్లోనూ డీఎన్‌బీ సీట్లున్నాయి, అక్కడ చేతి నిండా పని. హైదరాబాద్‌లో ఫెర్నాండెజ్ లాంటి చోట మిడ్‌వైఫ్‌ల చేత సహజ కాన్పులు చేయించడం ఎప్పటినుంచో ఉంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం కరీంనగర్‌లో మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది కూడా వాళ్లతో కలిసే.

నైట్‌డ్యూటీ_అక్క | మంగళవారం, రాత్రి 11:15

అందుకే అడిగాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత చూడండి, 2019-21ది. దేశం మొత్తం మీద సిజేరియన్లు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7, అందులోనూ ప్రైవేటు ఆస్పత్రులు మాత్రమే తీసుకుంటే 81.5. ఇలాంటి చోట చదువుకున్న పీజీకి సిజేరియన్ బాగా వస్తుంది. గంటల తరబడి ఒక ప్రైమీ (తొలి కాన్పు తల్లి) పక్కన కూర్చుని, ఎఫ్‌హెచ్‌ఎస్ (బిడ్డ గుండె చప్పుడు) వింటూ, ఇంకాసేపు ఆగుదాం అని నిర్ణయించే ధైర్యం ఎక్కడ వస్తుంది? ఆ ధైర్యం లేనివాళ్లే బయటికొచ్చి ప్రతి రెండో కేసూ కోస్తారు. ఇది డీఎన్‌బీ, ఎంఎస్ అన్న తేడా కాదు. ప్రభుత్వ కాలేజీల్లో మంచాలు ఖాళీ చేయాలనే తొందరలో కోసే యూనిట్లు కూడా చూశాను.

కాబట్టి చెల్లెమ్మా, పరీక్ష కంటే సీటు ఎక్కడ అన్నదాని మీద ఎక్కువసేపు ఆలోచించు. పాత బస్తీ పేట్లబురుజు, కోఠి మెటర్నిటీ, విశాఖ ఘోషా ఆస్పత్రి, వరంగల్ సీకేఎం, తిరుపతి మెటర్నిటీ, వీటిలో వచ్చే కేసుల రద్దీ ఏ కార్పొరేట్‌లోనూ చూడవు. ఎక్లాంప్సియాతో ఫిట్స్ వస్తూ రిఫరైన తల్లి, రెండు రోజులు ఇంట్లో నొప్పులు పడి బిడ్డ అడ్డుపడి అబ్స్ట్రక్టెడ్ లేబర్‌తో వచ్చిన తల్లి, ఒకే రాత్రి పక్క పక్క బల్లల మీద ఉంటారు. నేర్పేవాళ్లు ఎప్పుడూ పక్కన ఉండరు, అది కూడా చెప్పాలి.

మగ_గైనిక్ | బుధవారం, ఉదయం 8:02

చర్చ చదువుతూ కూర్చున్నాను, ఒక ముక్క చేర్చాలి. ఈ వేదిక చదివే తమ్ముళ్లలో ఓబీజీ మీద ఆసక్తి ఉండి భయపడేవాళ్లు ఉంటారు. నీట్ పీజీ సీటుకి ఆడ, మగ తేడా లేదు. మొదటి ఏడాది కొందరు తల్లులు వద్దన్నారు, ఆడ అటెండర్ లేకుండా నేను ఎప్పుడూ పరీక్ష చేయను. రాత్రి రెండింటికి పీపీహెచ్ అయినప్పుడు ఎవరూ మగా ఆడా అడగలేదు. ప్రాక్టీసులో మాత్రం ఓపీ కంటే ఆపరేషన్ల వైపు, ల్యాప్రోస్కోపీ, ఆంకాలజీ (క్యాన్సర్) వైపు వెళ్తే తేలిక. గైనిక్ ఆంకాలజీలో ఎంసీహెచ్‌కి (పీజీ తర్వాతి సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) నీట్ ఎస్‌ఎస్ రాస్తున్నాను. రీప్రొడక్టివ్ మెడిసిన్‌కీ ఎంసీహెచ్ ఉంది. హై రిస్క్ ప్రెగ్నెన్సీకి నేషనల్ బోర్డు ఫెలోషిప్ ఉంది.

ఈ పై చదువులన్నిటికీ ఇండియాలో గుర్తింపున్న ఎంఎస్, ఎండీ లేదా డీఎన్‌బీ ఉండాలి. మేనమామగారికి ఆ విషయం కూడా చెప్పండి.

ఒక_నాన్న | బుధవారం, ఉదయం 9:30

నమస్తే డాక్టర్లకి. మా అమ్మాయి కూడా గైనిక్ అంటోంది. ర్యాంకు రాకపోతే మేనేజ్‌మెంట్ సీటు కొందామా అని ఇంట్లో చర్చ. పొలం ఉంది. మీ సలహా?

నైట్‌డ్యూటీ_అక్క | బుధవారం, మధ్యాహ్నం 1:12

అన్నగారూ, మేనేజ్‌మెంట్ సీటుకి కూడా నీట్ పీజీ అర్హత, కౌన్సెలింగ్ తప్పవు. బయట ఎవరైనా "మీ సీటు నేను చూసుకుంటాను" అంటే నమ్మకండి. పొలం అమ్మే ముందు ఆ కాలేజీ ఆస్పత్రికి ఒక మంగళవారం పొద్దున చెప్పకుండా వెళ్లి లేబర్ రూమ్ బయట రెండు గంటలు కూర్చోండి. ఎంతమంది గర్భిణులు లోపలికి వెళ్లారో మీ కళ్లకే కనిపిస్తుంది. ఇన్‌స్పెక్షన్ రోజున నిండే మంచాలు వేరు. అక్కడి పీజీలని స్టైపెండ్ నిజంగా చేతికి వస్తోందా అని కూడా అడగండి. నాకు తెలిసిన ఒక అమ్మాయికి బ్యాంకులో వేసినట్టు వేసి వెనక్కి తీసుకునేవాళ్లు.

ఆ డబ్బు పెట్టాక ఆమె మీద అది తిరిగి సంపాదించే ఒత్తిడి పడుతుంది. ఓబీజీలో ఆ ఒత్తిడి సిజేరియన్ల లెక్కలో కనబడుతుంది. నేను అమ్మొద్దనే చెప్తాను. ఇంకో ఏడాది చదవనివ్వండి.

డీఎన్‌బీ_థియేటర్ | బుధవారం, మధ్యాహ్నం 1:40

నేను మేడమ్‌తో ఏకీభవించను. ఇంకో ఏడాది అనడం తేలిక. ఇరవై ఏడేళ్ల అమ్మాయికి ఇంట్లో పెళ్లి ఒత్తిడి, చుట్టాల ప్రశ్నలు, ఇవన్నీ ఉంటాయి. ఆ ఏడాది చివర మంచి ర్యాంకు వస్తుందన్న హామీ ఎవరిస్తారు? కొనే స్తోమత ఉండి, కాలేజీలో పని ఉందని తెలిస్తే అది తప్పేం కాదు. పొలం మొత్తం అమ్మి మాత్రం వద్దు.

పీహెచ్‌సీ_పడమర | బుధవారం, సాయంత్రం 6:55

ఎవరూ చెప్పని దారి నాది. ఎంబీబీఎస్ అయ్యాక ప్రభుత్వ సర్వీసులో చేరి, పీహెచ్‌సీలో పనిచేస్తూ ఇన్ సర్వీస్ కోటాలో పీజీ. దీనికీ నీట్ పీజీ అర్హత కావాలి, కానీ పోటీ ఇన్ సర్వీస్ వాళ్ల మధ్యే. చదువుకునే కాలంలో జీతం వస్తుంది, తర్వాత ప్రభుత్వంలో పనిచేయాలని బాండు ఉంటుంది. కోటా ఎంత, ఏ బ్రాంచీలకి అన్నది ప్రభుత్వం మారిస్తే మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పీహెచ్‌సీ డాక్టర్లు 2025లో సమ్మెకు దిగింది దీని గురించే. కాబట్టి ఇదే నమ్ముకుని కూర్చోమనను. నెలలో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ రోజున, అంటే ప్రతి నెలా 9న, మా పీహెచ్‌సీకి వచ్చే గర్భిణులని చూసి ఓబీజీ అంటే ఏమిటో నేర్చుకున్నవాణ్ణి నేను. నాన్నకి ఇంట్లో కూర్చుని చదవడం ఇష్టం లేదన్నావు కదా, ఇది కూడా చూడు.

మోడరేటర్ | బుధవారం, రాత్రి 8:15

కోచింగ్ ప్రకటన ఒకటి తీసేశాం. ర్యాంకు గ్యారంటీ అన్న పోస్టులు ఏవి వచ్చినా తీసేస్తాం.

మస్కట్_గైనిక్ | గురువారం, ఉదయం 11:20

గల్ఫ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇక్కడ ఎంఆర్‌సీఓజీకి నిజంగా విలువ ఉంది, మేనమామగారి మాట ఆ మేరకు నిజం. కానీ చేరేటప్పుడు మొదట అడిగేది ఇండియా పీజీ డిగ్రీ, ఆ తర్వాత ఎన్నేళ్ల అనుభవం, డేటాఫ్లో అనే సర్టిఫికెట్ల వెరిఫికేషన్, ఆ దేశపు లైసెన్స్ పరీక్ష. ఎంఆర్‌సీఓజీ ఉంటే జీతంలో, హోదాలో తేడా పడుతుంది. నేను ఎంఎస్ అయ్యాక ఉద్యోగం చేస్తూ పార్ట్ 1 రాశాను. బేసిక్ సైన్సెస్ మర్చిపోకముందే, పీజీ రెండో ఏడాదిలో రాసేసినవాళ్లు నాకంటే సుఖపడ్డారు. ఇంకా ముందు రాస్తే మాత్రం అక్కగారు చెప్పిన ఏడేళ్ల లెక్క తరుముతుంది.

గోదావరి_హౌస్‌సర్జన్ | గురువారం, రాత్రి 9:47

అందరికీ చాలా థాంక్స్. మేనమామకి ఫోన్ చేసి లీడ్స్ అన్నయ్య రాసింది చదివి వినిపించాను. కాసేపు ఆగి, "అయితే వాళ్లంతా ఇండియాలో పీజీ చేసే వచ్చారా?" అన్నారు. రేపు వాళ్లనే అడుగుతారట.

నేను ఇలా అనుకుంటున్నాను. నీట్ పీజీ, ఐఎన్‌ఐ సెట్ రెండూ రాస్తాను, ఒకే చదువు. ఎంఆర్‌సీఓజీ పుస్తకం అటకెక్కింది, పీజీలో చేరాక దించుతాను. స్టెప్ 1 పుస్తకం రూమ్మేట్‌కి ఇచ్చేశాను, తను ఇంకా అనుమానంగానే చూస్తోంది.

ఒక సందేహం మిగిలింది. ఈ ర్యాంకులో ఆల్ ఇండియా కోటాలో ఆంధ్రా, తెలంగాణ ప్రభుత్వ కాలేజీలు వస్తాయో రావో. వేరే రాష్ట్రం కాలేజీలు, దగ్గర్లోని డీఎన్‌బీలు కూడా పెట్టాలి. భాష రాని చోట లేబర్ రూమ్‌లో పనిచేయడం కుదురుతుందా? ఆప్షన్లు ఏ వరసలో పెట్టాలి?

మగ_గైనిక్ | గురువారం, రాత్రి 10:08

భాష గురించి భయం వద్దు. నేను పీజీ చేసింది కర్ణాటకలో. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఉమ్మనీరు పోయిందా, బిడ్డ కదలిక తెలుస్తోందా, లోపలికి గాలి పీల్చు, ఇప్పుడు ముక్కి బిడ్డని తోయి. ఈ నాలుగైదు మాటలు మొదటి వారంలోనే నర్సులు నేర్పేస్తారు.

ఐఎన్‌ఐ_వేట | గురువారం, రాత్రి 10:30

ఆల్ ఇండియా కోటా సగం సీట్లు, ఎంసీసీ చూస్తుంది. మిగతా సగం రాష్ట్రం. ఆంధ్రాకి ఎన్‌టీఆర్ యూనివర్సిటీ, తెలంగాణకి కాళోజీ యూనివర్సిటీ, రెండూ వేర్వేరు నోటిఫికేషన్లు, వేర్వేరు రిజిస్ట్రేషన్లు. ఎంసీసీలో పేరు ఇచ్చాం కదా అని రాష్ట్రంలో ఇవ్వడం మర్చిపోయినవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. ఇంకోటి, పీజీ సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరి 29న తీర్పిచ్చింది. ఆ తర్వాత రాష్ట్రాల నిబంధనలు కదులుతున్నాయి, కాబట్టి పోయినేడు సీనియర్ చెప్పిన రూలు కాకుండా ఈ ఏడాది ప్రాస్పెక్టస్ తెరిచి చదువు.

వరస అంటావా, వస్తుందో రాదో అని లెక్కవేసి పెట్టకు. నిజంగా చేరాలనుకునేది పైన పెట్టు. పైది రాకపోతే కిందది చూస్తుంది, పైన పెట్టినందుకు కింద సీటు పోదు. చేరను అనుకున్నది మాత్రం జాబితాలో అసలు పెట్టకు. ఎంసీసీ మొదటి రౌండ్‌లో వచ్చిన సీటులో చేరకపోయినా డిపాజిట్ పోదు, రెండో రౌండ్ నుంచి పోతుంది.

నైట్‌డ్యూటీ_అక్క | శుక్రవారం, తెల్లవారుజాము 4:35

ఆప్షన్లు పెట్టేముందు ప్రతి కాలేజీలో ఒక పీజీకి ఫోన్ చెయ్యి. ఫైనల్ ఇయర్ వాళ్లకి కాదు, సెకండ్ ఇయర్ వాళ్లకి. ఫైనల్ ఇయర్ వాళ్లు బయటపడే ఆనందంలో అంతా బాగుందంటారు, ఫస్ట్ ఇయర్ వాళ్లు నిద్ర లేక అంతా ఘోరం అంటారు. సొంతంగా సిజేరియన్ ఎప్పుడు ఇస్తారు, రాత్రి అసిస్టెంట్ ప్రొఫెసర్ ఆస్పత్రిలోనే ఉంటారా లేక ఫోన్‌లోనా, బ్లడ్ బ్యాంకు అదే ఆవరణలో ఉందా, అబ్‌స్టెట్రిక్ స్కాన్లు ఓబీజీ పీజీలు చేస్తారా లేక రేడియాలజీకి పంపుతారా, డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ (జిల్లా ఆస్పత్రి డ్యూటీ) మూడు నెలలు ఎక్కడ వేస్తారు. ఈ అయిదూ అడుగు. స్కాన్ల సంగతి తప్పక అడుగు, లింగ నిర్ధారణను ఆపే పీసీపీఎన్‌డీటీ చట్టం వల్ల బయటికొచ్చాక అది నేర్చుకోవడం చాలా తిప్పలు.

మా ఊరి చుట్టుపక్కల కాలేజీలైతే నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టు, అక్కడ చదువుతున్న పిల్లల నంబర్లు అడిగి ఇప్పిస్తాను.